మనం కొనబోయే పడవ

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే మనిషికి సముద్రం మీద మనసు పోయింది. అంతవరకూ అతనికి తెలిసిన నీళ్ళు రెండు రకాలు. రాని నీళ్ళు, వచ్చినా మురికిగా వచ్చే నీళ్ళు. రెంటికీ "చూస్తాం" అని ఒకే జవాబు చెప్పి జీతం తీసుకునేవాడు.

అలాంటివాడు ఒకసారి జ్వరమొచ్చి మంచం పట్టాడు. మంచం మీద ఫోను పట్టాడు. ఫోనులో తెల్లటి తెరచాప పడవ, అందులో ఒక కుటుంబం. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. కింద గాజులాంటి వెచ్చని నీళ్ళు. పిల్లలు దూకుతారు, తేలతారు, నవ్వుతారు. ఆ వీడియోల్లో ఎవరూ గిన్నెలు తోమరు. అతనికి జ్వరం తగ్గింది గానీ ఇది తగ్గలేదు.

అతని భార్యకి లాండ్రీ షాపు ఉంది. తల్లి ఒక్క ఇస్త్రీ పెట్టెతో మొదలుపెట్టిన షాపు అది. కూతురి చేతికొచ్చాక మనిషెత్తు ఉతికే మిషన్లు, ఆవిరి ఇస్త్రీ బల్ల, గ్లాసు తలుపు వచ్చాయి. చుట్టుపక్కల వీధుల్లో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరికి ఉద్యోగం పోయినా, ఆ సంగతి ముందుగా బట్టలని బట్టి ఆమెకే తెలిసేది.

మొగుడికి 'కెప్టెన్' అని పేరు పెట్టింది షాపులో ఇస్త్రీ చేసే ఆవిడ. బంగారు తాడు కుట్టిన తెల్ల టోపీ పెట్టుకుని అతను షాపుకొచ్చిన రోజున లోపలికి కేకేసింది.

"అమ్మా, కెప్టెన్ గారొచ్చారు! ఓడని నో పార్కింగులో పెట్టారు, పోలీసాయన చూస్తున్నాడు."

షాపంతా నవ్వింది. అతను దాన్ని గౌరవమనుకుని టోపీ సర్దుకున్నాడు.

పడవ కొనాలంటే షాపు అమ్మాలి. అతని జీతంతో టోపీ మాత్రమే వస్తుంది. పక్కనున్న బేకరీ యజమాని మధ్య గోడ పగలగొట్టి బేకరీ పెంచుకుందామని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడు. ఇక ఆగలేను, సోమవారం కల్లా ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఆదివారం నాడు కెప్టెన్ కుటుంబాన్ని కారెక్కించి పాత పడవలు అమ్మే యార్డుకి బయల్దేరదీశాడు.

ఆమె అవుననలేదు, కాదనలేదు. ఈ మరక పోదండీ అని కస్టమరు మొహం మీదే చెప్పే మనిషి ఇంట్లో మాత్రం నెలల తరబడి నీళ్ళు నమిలింది. తానే వద్దంటే ఇల్లంతా తననే ఆడిపోసుకుంటుందని భయం. అతనంతట అతనే చల్లబడతాడని ఆశ. షాపు చేజారడానికి ఒక్క రోజే మిగిలాక కూడా "చూడ్డానికేగా" అనుకుంటూ కారెక్కింది.

ముందు సీట్లో కెప్టెన్ అక్క కూర్చుంది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. నడుం నొప్పి. ఎక్కడికెళ్ళినా ముందు సీటు ఆ నడుందే. వెనక సీట్లో ఆమె, ఇద్దరు కూతుళ్ళు.

"ఒరేయ్ తమ్ముడూ, వెచ్చని నీళ్ళంటున్నావు. స్నానానికి కాచుకోనక్కర్లేదా?"

"అక్కర్లేదక్కా. దూకెయ్యడమే."

"ఉప్పు కదరా. జుట్టు అట్ట కడుతుంది."

"పైకొచ్చాక ఒక చెంబుడు మంచినీళ్ళు పోసుకుంటే సరి."

"చెంబుడా?" పెద్ద కూతురు ఫోను లోంచి తలెత్తింది. "ఒంటి మొత్తానికీ?"

"పడవలో ట్యాంకే ఆధారం తల్లీ. పొదుపుగా వాడాలి. మనం నీటి విలువ తెలుసుకుంటాం."

"ఫిర్యాదు ఎక్కడివ్వాలి నాన్నా? మీకేనా?"

వార్డెనమ్మ కిసుక్కున నవ్వి, వెంటనే తమ్ముడి పక్షం గుర్తొచ్చి దగ్గింది.

"మరి బట్టలో?" అంది ఆమె. ఇల్లు దాటాక ఆమె అన్న మొదటి మాట అది.

"బట్టలా! బకెట్లో వేసి కాళ్ళతో తొక్కడమే. ఒంటికి వ్యాయామం కూడాను. మనమే ఉతుక్కుంటాం, మనమే తాడు మీద ఆరేసుకుంటాం. ఎంత గాలి! ఎంత ఎండ!"

ఆ 'మనం' దగ్గర ఆమె చెవి ఆగింది. వృత్తిలో ఆమె రోజూ వినే మాట అది. కోటు మీద కూర ఒలకబోసుకున్న పెద్దమనిషి షాపుకొచ్చి, "ఈ మరకని మనం ఎలాగైనా తీసెయ్యాలండీ" అంటాడు. ఆ మనంలో అతని కోటు ఉంటుంది. అతని చెయ్యి ఉండదు.

యార్డు ఒక పెద్ద సిమెంటు మైదానం. నీళ్ళలో ఉండాల్సిన పడవలన్నీ అక్కడ ఇనప ఊతకర్రల మీద నిలబడి ఉన్నాయి. కాళ్ళు విరిగిన పేషెంట్లని వరసగా నిలబెట్టినట్టుంది. ప్రతిదానికీ ఒక నిచ్చెన. అమ్మకం మనిషి నల్లకళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని ఎదురొచ్చాడు. నోటినిండా పళ్ళు, పళ్ళనిండా మర్యాద.

"రండి సార్, రండి మేడమ్. ఫ్యామిలీతో వచ్చారంటేనే నాకు అర్థమైపోయింది. మీరు సీరియస్ మనుషులు."

మొదట చూపించిన పడవ మేడలా ఉంది. లోపల ఎల్ ఆకారంలో సోఫా, దాని ముందు బల్ల, గోడకి టీవీ. వార్డెనమ్మ వెళ్ళి సోఫాలో కూలబడింది.

"ఇదే తీసుకోరా! హాలు ఎంత బావుందో. మన ఇంట్లో కన్నా పెద్దది."

"హాలు కాదక్కా, సెలూన్ అంటారు."

"క్షవరం ఇక్కడే చేస్తారా?"

కెప్టెన్ ఆ మాట విననట్టు బయటికి వంగి పడవ అడుగు చూశాడు. "ఇది కుదరదు. అడుగున రెక్క మరీ లోతుకి దిగింది. మనం తిరగబోయే చోట నీళ్ళు లోతుండవు, కింద పగడపు దిబ్బలు. ఇలాంటిది గీసుకుపోతుంది."

"సార్ స్టడీ చేశారు!" అన్నాడు అమ్మకం మనిషి. "నా సర్వీసులో ఈ పాయింటు పట్టుకున్నవాళ్ళు తక్కువ."

కెప్టెన్ ములగచెట్టెక్కి కూర్చున్నాడు.

"ఇంత పడవని ఎందుకు అమ్ముకుంటున్నారు పాపం?" అని అడిగింది ఆమె.

"కుటుంబ కారణాలు మేడమ్."

రెండోది చవక. పైన అడుగేస్తే చెక్క తడిసిన రొట్టెలా దిగింది. లోపల పరుపులెత్తి చూస్తే బూజు. మూసిన గదిలో నెలల తరబడి మగ్గిన తువ్వాలు వాసన. ఎండ దేశాల్లో తిరిగిందంటే ఇలాగే ఉంటుంది సార్, రంగేస్తే పెళ్ళికూతురే అన్నాడు అమ్మకం మనిషి.

"దీన్నెందుకు అమ్ముతున్నారు?"

"వీళ్ళకీ కుటుంబ కారణాలే మేడమ్."

వార్డెనమ్మకి ఆరా తీయందే నిద్ర పట్టదు. "ఏం కారణాలో కాస్త చెప్పు నాయనా."

"పెద్దగా ఏం లేదండీ. ఆవిడ ఒక రేవులో కూరలు కొనడానికని దిగి, అటునుంచటే బస్సెక్కి వెళ్ళిపోయారు." అతను గొంతు సవరించుకున్నాడు. "ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది."

చిన్న కూతురు కుళాయి తిప్పి చూసి నీళ్ళు రావడం లేదని ప్రకటించింది.

మూడోది మేడలా లేదు, చవకగానూ లేదు. మీగడ రంగు వేసిన మధ్యరకం పడవ. రెక్క పొట్టిది, దిబ్బల మీద తేలికగా పోతుంది. వెనక కూర్చునే చోట మొత్తానికీ ఎండ పడకుండా గుడ్డ పందిరి. గాలి రావడానికి కప్పులో తెరుచుకునే కిటికీలు. తెరచాప కొయ్యని పట్టి ఉంచే తీగలు కొత్తవి, ఎక్కడా తుప్పు లేదు. ఆమె తెరచాప అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. బట్టలో ఇంకా బిరుసు ఉంది. పాడైన గుడ్డ చేతికి తెలిసిపోతుంది, ఇది పాడవలేదు.

కెప్టెన్ దాని చుట్టూ తిరిగాడు. తర్వాత చెయ్యేసి నిమిరాడు. పిల్లలు పుట్టినప్పుడు కూడా అంత మెల్లగా నిమరలేదు.

"ఇదే," అన్నాడు. "మనం దీన్ని తీసుకుంటున్నాం."

నిచ్చెన మీదుగా అందరూ ఎక్కారు. వార్డెనమ్మ నడుం నొప్పి కూడా ఎక్కింది. కెప్టెన్ లోపల ఒక్కో మూలనీ చూపిస్తూ పోయాడు.

"ఇదిగో పొయ్యి. పడవ ఊగినా గిన్నె ఒలక్కుండా ఇది కూడా ఊగుతుంది. మనం ఇక్కడ వంట చేసుకుంటాం. ఈ బల్ల దగ్గర మనం పిల్లలకి పాఠాలు చెబుతాం. స్కూలంత సమయం పట్టదు, మనం పొద్దున్నే ముగించేస్తాం. ఈ మూత కింద అడుగు నీళ్ళు చేరతాయి. మనం రోజూ తోడుకోవాలి." మెట్లెక్కి పైకెళ్ళి చక్రం పట్టుకున్నాడు. ఛాతీ పొంగింది. "ఇక్కడ నేనుంటాను."

కింద వార్డెనమ్మ మంచాలు కేటాయించేస్తోంది. ముప్పై ఏళ్ళ అలవాటు.

"ముందు గది మీ ఇద్దరిదీ. వెనక కుడిపక్క పిల్లలు. ఎడంపక్క నేను. లైట్లార్పే టైము తర్వాత చెబుతాను."

"మీరూ వస్తున్నారా వదినా?" అంది ఆమె.

"అదేంటమ్మా అలా అడుగుతావు? వాడు మనం అన్నాడుగా."

అమ్మకం మనిషి వేడి తగ్గకముందే పని కానివ్వాలనుకున్నాడు. "సార్, దూరం వెళ్ళేటప్పుడు రాత్రిళ్ళు కూడా ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఫ్యామిలీలో సర్దుకుంటారా?"

"మనం వంతులేసుకుంటాం," అన్నాడు కెప్టెన్. అంటూ భార్య వైపు చూశాడు.

"పడవ ఎవరి పేరు మీద రాయమంటారు?"

"నా పేరు మీద."

"అడ్వాన్సు?"

"అది రేపు మనం సర్దేస్తాం." మళ్ళీ భార్య వైపే చూశాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ గొంతు పెంచలేదు. షాపులో కూడా, మాట తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గుతుంది.

"ఏమండీ, ఈ మనంలో మీరెక్కడున్నారు?"

"అదేం ప్రశ్న?"

"వంట మనం. బట్టలు మనం. పిల్లల చదువు మనం. పడవ అడుగున నీళ్ళు తోడేది మనం. అడ్వాన్సు కూడా మనమే. చక్రం దగ్గరికొచ్చేసరికి నేను అయింది. పేరు దగ్గరికొచ్చేసరికి కూడా నేనే అయింది. ఆ మనంలో నేను ఒక్కదాన్నే కనబడుతున్నాను. మీకు చోటు సరిపోలేదా?"

"మాటలు పట్టుకుని వేళ్ళాడతావేంటే?"

"ఇప్పటిదాకా మీరు ఇంట్లో ఇచ్చింది అవేగా. ఇంకేం పట్టుకోను?"

అమ్మకం మనిషి కప్పు కిటికీ తెరిచి మూసి, మళ్ళీ తెరిచాడు. ఇలాంటి గాలి అతనికి అలవాటే.

"బయటి మనిషి ముందు ఏంటమ్మా ఇది," అంది వార్డెనమ్మ. "వాడు సరదా పడ్డాడు. మగాడు. ఏదో..."

"మేం రావడం లేదు," అంది ఆమె.

పెళ్ళయినప్పటినుంచీ ఆమె ఇంట్లో అన్నది మనం అనే. మనకి పాలు కావాలి, మనకి అద్దె పెంచారు, మనకి పిల్ల పుట్టింది. ఎదురుగా మొగుడు నిలబడి ఉండగా, అతన్ని బయట నిలబెట్టిన 'మేము' ఆమె నోట రావడం అదే మొదలు. అది అతనికి కూడా తెలిసింది. చక్రం మీదనుంచి చెయ్యి జారింది.

"మేమంటే ఎవరమ్మా?" అంది వార్డెనమ్మ. "నన్ను కలపకు."

"మిమ్మల్ని కలపలేదు వదినా. నేనూ, పిల్లలూ."

"నన్నడిగావా?"

ఆ గొంతు వెనక గదిలోంచి వచ్చింది. పెద్ద కూతురు అక్కడి మంచం మీద పడుకుని, కప్పు కిటికీ లోంచి ఆకాశం చూస్తూ ఉంది. ఫోను పక్కన పడేసి ఉంది. ఆ ఫోను ఆ పిల్ల చెయ్యి వదలడం ఇంట్లో ఎవరూ చూడలేదు.

"అమ్మా, నన్నడిగావా అంటున్నా. నాకు ఈ పడవ ఇష్టం. నేను వెళ్ళేదాన్ని. నాన్న అడక్కుండా నన్ను మనంలో వేశారు, నువ్వు అడక్కుండా నన్ను మేములో వేశావు. ఇద్దరిదీ ఒకటే పని."

ఆమెకి వేడి ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పెట్టినట్టయింది.

కెప్టెన్ మొహంలో మళ్ళీ గాలి నిండింది. "విన్నావా! పిల్ల వస్తానంటోంది! నువ్వు రాకపోతే మానెయ్. షాపు సంగతి మాత్రం రేపు తేల్చెయ్. అక్కా, మనం ముగ్గురం చాలు. నేను పడవ చూసుకుంటాను, వంట నువ్వు చూసుకో, బట్టలు..."

"ఆగరా." వార్డెనమ్మ చెయ్యెత్తింది. "వంట ఎవరు?"

"నువ్వే కదక్కా. అంతమంది పిల్లలకి వండిపెట్టావు."

"నేను వండలేదురా. వండించాను." ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. నొప్పి అంతకు ముందుకన్నా బాగా ఎక్కువైనట్టుంది. "అయినా నాకు ఉప్పుగాలి పడదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"చెప్పాడులే. నీకెందుకు?"

నిమిషం కిందట మంచాలు పంచిన మనిషి ఇప్పుడు హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని నిచ్చెన వైపు నడిచింది. కెప్టెన్ భార్య వైపు తిరిగాడు. గొంతు మారింది. బతిమాలుతున్నాడో బెదిరిస్తున్నాడో అతనికే తెలియని గొంతు అది.

"ఒక్క షాపు కోసం ఇంతమంది జీవితం పాడుచేస్తావా? రోజంతా ఊరివాళ్ళ మురికి ఉతకడం తప్ప నీకు ఇంకో ఆశ లేదా? మన షాపే కదే అది. మనం అమ్ముకుంటే అడిగేవాడెవడు?"

"మన షాపేనా?"

"కాక?"

"వెనక గది తాళం ఎక్కడుంటుంది?"

అతను ఆలోచించాడు. మిషన్లు ఏ కంపెనీవి అని అడిగితే చెప్పేవాడేమో. ఇస్త్రీ చేసే ఆవిడ పేరు కూడా అతనికి గుర్తులేదు. ఆవిడ పెట్టిన పేరు మాత్రం గుర్తుంది.

"షాపు నాది," అంది ఆమె. "నేను అమ్మను."

ఇక అక్కడ నిలబడలేదు. చిన్నదాన్ని ముందు దింపి తానూ దిగింది. ఇనప ఊతకర్రల మధ్య నిలబడి బేకరీ యజమానికి ఫోను చేసింది. పైన వాళ్ళకి వినిపించేంత గట్టిగా మాట్లాడింది.

"లేదండీ. అమ్మడం లేదు... రేపు కాదు, ఎప్పుడూ కాదు... సారునా? అడగలేదండీ. ఆయన షాపు కాదు కదా... గోడ మాత్రం ముట్టుకోకండి. దాని అవతల నా బాయిలరుంది."

ఫోను పెట్టేసింది. నెలల కిందటే వంటింట్లో రెండు ముక్కల్లో తేల్చెయ్యాల్సిన మాట. యార్డు దాకా మోసుకొచ్చి, అమ్మకం మనిషి ముందు పరిచి, కూతుర్ని పోగొట్టుకుని మరీ తేల్చింది. అందులో ఆమె గొప్పేమీ లేదు.

పెద్ద కూతురు దిగింది. తల్లి చెయ్యందిస్తే పట్టుకోలేదు.

"నీకు చెప్పాల్సింది," అంది ఆమె.

"అడగాల్సింది," అంది కూతురు. కారు వైపు వెళ్ళిపోయింది.

పైన కెప్టెన్ ఇంకా దిగలేదు. అమ్మకం మనిషి అతని భుజం మీద చెయ్యేసి ఏదో చెబుతున్నాడు. చిన్న పడవలు కూడా ఉన్నాయి సార్, ఒక్కరికి సరిపోయేవి అని వినబడింది. తర్వాత ఆ అమ్మకం మనిషి కూడా దిగొచ్చి, మేడమ్‌కి నమస్కారం పెట్టి, తన విజిటింగు కార్డు వార్డెనమ్మ చేతిలో పెట్టి, గేటు దగ్గర ఆగిన ఇంకో కుటుంబం వైపు పళ్ళతో సహా పరుగెత్తాడు.

కెప్టెన్ పడవ అంచుకొచ్చాడు. కిందికి చూశాడు. ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు, తీసేశాడు. ఎక్కేటప్పుడు పడవని చూస్తూ ఎక్కాడు. దిగేటప్పుడు చూడ్డానికి నేల తప్ప ఏమీ లేదు.

"నిచ్చెన కదులుతోంది," అన్నాడు.

"ఒరేయ్, దూకకు!" అని అరిచింది వార్డెనమ్మ కారు దగ్గరనుంచి. అక్కడినుంచి కదల్లేదు మాత్రం.

ఆమె వెళ్ళి నిచ్చెన రెండు కాళ్ళూ పట్టుకుంది. జాలితో కాదు. పడితే ఆసుపత్రి చుట్టూ తిరిగేది ఎవరో ఆమెకి తెలుసు.

"మొహం పడవ వైపు తిప్పండి. ఎడమ కాలు కిందికి. ఇంకాస్త. తగిలిందా?"

"తగిలింది."

"కుడికాలు."

అతను మెట్టు మెట్టుకీ ఆగుతూ, రెండు చేతులా కడ్డీని కావలించుకుని దిగాడు. టోపీ ఎగిరి సిమెంటు మీద పడింది. చిన్నది దాన్ని తెచ్చి తనే పెట్టుకుంది. నేల తగిలాక అతను మోకాళ్ళు దులుపుకుని, వెనక్కి తిరిగి పడవ మొత్తాన్నీ ఒకసారి చూశాడు.

"మంచి పడవ," అన్నాడు.

"మంచిదే," అంది ఆమె.

ఓదార్పుకి అన్న మాట కాదు. అది నిజంగానే మంచి పడవ.

కారు దగ్గరికొచ్చేసరికి పెద్ద కూతురు ముందు సీట్లో కూర్చుని తలుపేసుకుని ఉంది. వార్డెనమ్మ నడుం పట్టుకుని అద్దం మీద వేలితో కొట్టింది. పిల్ల తలుపు తీయలేదు. తల్లి వైపు చూడనూ లేదు. ఆమె వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

"రండి వదినా," అంది. "ఇటు కూర్చోండి."